ఆకాశమునుండి చూచిన డెల్టా భూములు

భూగోళశాస్త్రపు తరగతిలో కృష్ణా డెల్టాను గూర్చి పాఠము చెప్పుచుండగా, వెనుక వరుసలోనుండి ఒక విద్యార్థి లేచి, "సార్, ఆ డెల్టాతో మనకేమి పని? మన కుందూ సముద్రమువఱకు పోదు గదా?" అని అడిగినాడు. తరగతియంతయు నవ్వినది. మేము నవ్వలేదు. నంద్యాలలో పుట్టి పెరిగిన పెద్దలలోను అనేకుల భావము అదియే. కుందూనది వేసవిలో సన్నని పాయగా పాఱును. వానకాలమున పొంగి ప్రక్కచేలను ముంచును. పిమ్మట ఎటుపోవునో విచారించువారు అరుదు. ఆ విద్యార్థి ప్రశ్నకు ఆ దినమున గంట కొట్టువఱకు చెప్పినను సమాధానము పూర్తికాలేదు. మిగిలినది ఈ సంచికలో వ్రాయుచున్నాము.

కుందూనది ఎఱ్ఱమల కొండలలో పుట్టినది. నంద్యాల ప్రక్కగాను, కోవెలకుంట్ల ప్రాంతముగుండను దక్షిణముగా పాఱి, కడప జిల్లాలో కమలాపురము చెంత పెన్నానదిలో కలియుచున్నది. ఆళ్లగడ్డ తాలూకాలో నల్లమల పడమటి వాలునుండి దిగు వాగులును కుందూలోనికే చేరును. పెన్న అటుపై సోమశిల జలాశయమును దాటి, నెల్లూరు దగ్గఱ డెల్టాగా విప్పారి, బంగాళాఖాతమున కలియును. కాబట్టి ఆళ్లగడ్డ చేనిలో వానకు కొట్టుకొనిపోయిన నల్లరేగడి మట్టికి నెల్లూరి తీరము గమ్యస్థానము. కృష్ణతోడను మనకు సంబంధము లేకపోలేదు. శ్రీశైలపు ఆనకట్ట మన జిల్లా అంచుననే యున్నది. కర్నూలు కడప కాలువ తుంగభద్ర నీటిని సుంకేసుల యొద్దనుండి మన పొలములకు తెచ్చుచున్నది. 1863లో మద్రాసు ఇరిగేషను కంపెనీవారు ఆ కాలువను త్రవ్వ మొదలిడిరి. నాటినుండి కృష్ణ పరివాహకములోని నీరు పెన్న పరివాహకములో పాఱుచున్నది. రెండు డెల్టాలకు ఎగువన నిలిచి, ఒకదాని నీటిని మఱియొకదాని దారిలో విడుచుచున్న వారము మనము. ఇంక డెల్టాతో పనిలేదనుట ఎట్లు?

డెల్టాయనునది నది తెచ్చి పెట్టిన మట్టి. కొండలలో కోసిన మన్ను నదిలో తేలి వచ్చి, సముద్రమునొద్ద వేగము తగ్గినచోట దిగి, వేల యేండ్లకు మైదానమగును. సముద్రము మాత్రము ఊరకుండదు. అలలతోడను తీరప్రవాహములతోడను ఆ మట్టిని రేయింబవళ్లు తీసికొనిపోవుచునే యుండును. నది తెచ్చునది ఎక్కువయైన డెల్టా ముందునకు సాగును. సముద్రము తీసికొనునది ఎక్కువయైన వెనుకకు తగ్గును. దీనిని ఒక కుటుంబపు జమాఖర్చువలె తలపవచ్చును. అయితే ఈ జమాఖర్చు వ్రాయు కరణ మెవరు? తీరమున నిలిచి చూచువానికి ఒక్క తుపాను కోతయో, ఒక్క ఇసుకదిబ్బయో కనబడునే గాని, మూడువందల కిలోమీటర్లకు పైబడిన తీరమున నలువది యేండ్ల లాభనష్టములు కనబడవు. ఆ పని చేయగలిగినది ఉపగ్రహము.

అమెరికావారు 1972 జూలై 23వ తేదీన లాండ్‌శాట్ అను పేరుగల మొదటి ఉపగ్రహమును పైకి పంపిరి. అది భూమిని ఉత్తరదక్షిణములుగా చుట్టుచు, పదునెనిమిది దినముల కొకసారి అదే ప్రదేశముపైకి వచ్చి చిత్రము తీసెడిది. అంతకు రెండేండ్లు ముందే మన దేశమున పిషరోటి గారు కేరళలోని కొబ్బరితోటల తెగులును విమానమునుండి పరారుణ ఛాయాచిత్రములతో పరిశీలించియుండిరి. దూరమునుండి చూచి నేల స్థితిని తెలిసికొను ఈ విద్యను రిమోట్ సెన్సింగు అందురు. దానికై 1974లో స్థాపింపబడిన సంస్థ నేడు హైదరాబాదులో జాతీయ రిమోట్ సెన్సింగు కేంద్రముగా నున్నది. షాద్‌నగరు దగ్గఱ దాని గ్రాహక కేంద్రము ఉపగ్రహముల వార్తలను పట్టుకొనును. 1988 మార్చి 17వ తేదీన మన దేశపు సొంత ఉపగ్రహము ఐ.ఆర్.ఎస్. 1ఎ రష్యావారి రాకెట్టుపై బైకనూరునుండి ఎగిరినది. ఆ తరువాతి ఉపగ్రహములు పెక్కు శ్రీహరికోటనుండియే పోయినవి. శ్రీహరికోట పెన్న డెల్టాకు దక్షిణమున, పులికాటు సరస్సునకును సముద్రమునకును నడుమనున్న ఇసుకదిబ్బయని విద్యార్థులు పటములో చూచుకొనవచ్చును.

ఉపగ్రహము తీయు చిత్రము మన ఫోటోవంటిది కాదు. ఈ సంగతి తెలియకున్న తక్కినదేదియు తెలియదు. ఆళ్లగడ్డలో శిల్పి రాతిని ముట్టుకొనకముందు దానిపై కొలతగీతలు గీచి గడులుగా విభజించును గదా. ఉపగ్రహమును అట్లే నేలను గడులుగా విభజించి, ఒక్కొక్క గడినుండి వచ్చు వెలుతురును కొలిచి, ఒక్కొక్క సంఖ్యగా వ్రాసి పంపును. ఆ గడిని పిక్సెల్ అందురు. మొదటి లాండ్‌శాట్ గడి భుజము సుమారు 80 మీటర్లు. అనగా ఒక గడిలో ఎకరమున్నర నేల. 1980లలో వచ్చిన లాండ్‌శాట్‌లకు 30 మీటర్లు, అనగా 22 సెంట్లు. 1995లో మనవారు పంపిన ఐ.ఆర్.ఎస్. 1సి యందలి ఒక పరికరమునకు 23.5 మీటర్లు, అనగా పదునాలుగు సెంట్లకు కొంచెము తక్కువ. 2015లో ఐరోపావారు పంపిన సెంటినెల్ 2 గడి 10 మీటర్లు. అది రెండున్నర సెంట్లు. అనగా నేడు మన యింటి పెరడు సైతము ఆకాశమునుండి ఒకటి రెండు గడులుగా లెక్కకు వచ్చుచున్నది. ఒక గడిలోపల ఏమున్నదో వేఱుపఱుప వీలుకాదు. సగము నీరును సగము గట్టునునైన గడి రెండింటి నడిమి సంఖ్యను చూపును. చిన్న చెఱువుల లెక్కలలో తప్పులు చాలభాగము గట్లవద్దనే పుట్టును.

ఒక్కొక్క గడికి ఒక్క సంఖ్యయే గాక, నీలము, ఆకుపచ్చ, ఎఱుపు, మన కంటికి కనబడని పరారుణము అని పలు వెలుతురులకు వేర్వేఱు సంఖ్యలుండును. ఆకులోని పత్రహరితము ఎఱ్ఱని వెలుతురును త్రాగివేయును; పరారుణమును ఆకులోపలి కణములు గట్టిగా వెనుకకు కొట్టును. నీరు పరారుణమును దాదాపు పూర్తిగా మ్రింగివేయును. ఎండిన నేల రెండింటిని ఓ మోస్తరుగా తిరిగి పంపును. ఈ మూడు వాక్యములు కంఠస్థము చేసినవారికి ఉపగ్రహ చిత్రము సగము చదువ వచ్చినట్లే. పరారుణపు సంఖ్యనుండి ఎఱుపు సంఖ్యను తీసివేసి, ఆ శేషమును రెండింటి మొత్తముతో భాగింపవలయును. పచ్చని వరిచేనికి పరారుణము 45, ఎఱుపు 5 అనుకొన్నచో 40ని 50తో భాగింపగా 0.8 వచ్చును. ఎండిన రేగడికి 20, 15 అనుకొన్నచో 5ను 35తో భాగింపగా 0.14 మాత్రమే. నీటికి ఎఱుపుకన్న పరారుణము తక్కువ గనుక ఋణసంఖ్య వచ్చును. ఆఱవ తరగతి లెక్కతో పంట యెక్కడ, నీరెక్కడ, బయలెక్కడ అని చెప్పవచ్చునన్నమాట. చిత్రమును కంటికి చూపునప్పుడు పరారుణమును ఎఱ్ఱరంగుతో అచ్చువేయుట వాడుక. అందువలన వరిచేలును మడ అడవులును ఎఱ్ఱగా, నీరు నల్లగా కనబడును. మొదటిసారి చూచిన మా విద్యార్థులు నల్లమల తగులబడుచున్నదనుకొనిరి!

నీరు నల్లగా నుండునన్న మాటను మేమే గుడ్డిగా నమ్మి ఒకసారి నవ్వులపాలైతిమి. నంద్యాలనుండి ఆళ్లగడ్డకు పోవు దారికి ప్రక్కగా ఒక చిత్రమున చతురస్రముగా నల్లని మచ్చ కనబడినది. అది క్రొత్త చెఱువని బల్లగ్రుద్ది చెప్పితిమి. ఆదివారము నలుగురు విద్యార్థులతో సైకిళ్లపై పోయి చూడగా అక్కడ చుక్కనీరు లేదు. శనగ విత్తుటకు దున్ని, వానకు తడిసిన నల్లరేగడి చేను! తడిసిన రేగడి అన్ని వెలుతురులను త్రాగి నీటివలెనే నల్లగా నుండును. రైతు మమ్ము చూచి, "ఏమయ్యా, కొలతలకు వచ్చినారా?" అని అనుమానముతో అడిగినాడు. పైనుండి చూచిన దానిని ఇట్లు నేలపై సరిచూచుట ఈ శాస్త్రమున తప్పనిసరి విధి. సరిచూడని పటమును మేము నమ్మము, మీరును నమ్మవలదు.

డెల్టాలలో ఈ చిక్కు మఱింత యెక్కువ. ఆషాఢ శ్రావణములలో నాట్లు వేసిన వరిమడియు నీటితోనే నిండియుండును; చేపల చెఱువును నీటితోనే నిండియుండును. ఒక్కనాటి చిత్రములో రెండును నల్లని గడులే. వేఱుచేయు ఉపాయము కాలము. రెండు నెలలు పోయిన పిమ్మట తీసిన చిత్రములో వరిమడి పచ్చబడియుండును, కోతలైన వెనుక బయలగును. చేపలచెఱువు ఎన్నటికిని నల్లగానే యుండును. కనుక సంవత్సరము పొడుగునను తీసిన పలు చిత్రములను ఒకదానిపై నొకటి పేర్చి చదువవలయును. వానకాలమున మేఘములు అడ్డువచ్చునప్పుడు రాడారు ఉపగ్రహములు తోడ్పడును. అవి తామే తరంగములను పంపి వాని ప్రతిఫలమును గ్రహించునవి. వానికి మబ్బును రాత్రియు అడ్డుకావు. మన దేశపు రైశాట్ 1 అట్టిది. 2012 ఏప్రిలులో శ్రీహరికోటనుండి పోయినది.

ఇక జమాఖర్చుకు వత్తము. ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు చెందిన ఆచార్య కె. నాగేశ్వరరావు గారును వారి సహచరులును కృష్ణా గోదావరి డెల్టాల తీరమును పాత పటములతోడను ఉపగ్రహ చిత్రములతోడను పోల్చి 2010లో ఒక వ్యాసము ప్రకటించిరి. 1965 మొదలు 2008 వఱకు 43 ఏండ్లలో, 336 కిలోమీటర్ల పొడవుగల ఆ జంట డెల్టాల తీరమున, పెరిగినది పోగా తఱిగిన నేల 76 చదరపు కిలోమీటర్లని వారు తేల్చిరి. మన లెక్కలో అది పదునెనిమిదివేల ఎకరములకు పైమాట. 1990కి ముందు ఏటేట సగటున 1.39 చదరపు కిలోమీటర్లు పోగా, 1990 తరువాత పదేండ్లు ఏటికి 2.32 చొప్పున పోయినది. కోత నానాటికి హెచ్చినదన్నమాట.

ఏల హెచ్చినది? దానిని కనుగొనుటకు వారు నదులు తెచ్చు ఒండ్రును కూడ చూచిరి. కృష్ణ 1960ల చివర ఏటికి సుమారు 90 లక్షల టన్నుల మట్టిని డెల్టాకు చేర్చుచుండగా, 2000 మొదలు 2005 వఱకు గల కాలమున అది 4 లక్షల టన్నులకు దిగినది. గోదావరిలో 1970లలో 15 కోట్ల టన్నులుండినది 2000 తరువాత 5 కోట్ల 72 లక్షలైనది. మట్టి యేమైనది? కొండలు అరుగుట మానలేదు, వానలు కురియుట మానలేదు. ఆనకట్టల వెనుక నిలిచిన నీటిలో మట్టి అడుగున దిగిపోవుచున్నది. నదిలో నీరు పాఱుటయే పల్చనైనప్పుడు మట్టిని మోయు శక్తియు తగ్గును.

ఇచ్చట మన జిల్లా ప్రసక్తి వచ్చినది. శ్రీశైల జలాశయము కట్టినప్పుడు దానిలో 308 టీ.ఎం.సీ.ల నీరు పట్టునని లెక్క. ఒక టీ.ఎం.సీ. యనగా నూఱుకోట్ల ఘనపుటడుగులు. తరువాతి కొలతలలో అది 216కు కొంచెము లోపుగా తేలినది. తగ్గిన 92 టీ.ఎం.సీ.ల చోటును ఆక్రమించినది ఒండ్రుమట్టి. మేము ఒక లెక్క వేసి చూచితిమి. ఆ మట్టి ఘనపరిమాణమును డెల్టా కోల్పోయిన 76 చదరపు కిలోమీటర్లపై సమముగా పఱచినచో ఎత్తు 34 మీటర్లు, అనగా నూఱడుగులకు మించును. ఈ లెక్కను ఉన్నదున్నట్లు గ్రహింపరాదు. ఆనకట్ట లేకపోయినను ఆ మట్టిలో చాలభాగము లోతుసముద్రము పాలయ్యెడిది. కొంత దారిలో నిలిచెడిది. పోయిన నేలలో కొంత గోదావరిది. అయినను రెండు రాసులలో ఏది యెంత పెద్దదో తెలియుటకు ఈ లెక్క చాలును. మనము జలాశయమున పూడికయని విసుగుకొను పదార్థమే అక్కడి తీరమునకు కొఱతపడిన పదార్థము.

కృష్ణ పులిగడ్డవద్ద రెండుగా చీలి దివిసీమను కౌగిలించుకొని సముద్రమున కలియును. 1977 నవంబరు 19వ తేదీన వచ్చిన తుపానులో ఆ సీమపై సముద్రము పొంగి వచ్చి పదివేలమంది ప్రాణములు తీసినది. మడ అడవి యున్నచోట ఉప్పెన వేగము కొంత తగ్గును. అడవికి ముందున్న నేల కోసికొనిపోయినప్పుడు అడవి పోవును. అడవి పోయినప్పుడు ఊరు ఎదురుపడును. ఉపగ్రహ చిత్రములలో కృష్ణా ముఖములవద్ద ఎఱ్ఱని మడల అంచు వెనుకకు జరుగుటయు, దాని వెనుకనుండి రొయ్యలచెఱువుల నల్లని గడులు ముందునకు జరుగుటయు చూచినవారికి, నడుమ నలిగిపోవునది ఏదో వేఱుగా చెప్పనక్కఱలేదు.

డెల్టాలు అంతటను తఱిగిపోవుచున్నవని మాత్రము తలపరాదు. కాకినాడ కెదుట గోదావరి తెచ్చిన ఇసుకతో ఒక దీర్ఘమైన దిబ్బ సుమారు రెండు శతాబ్దములలో పెరిగి ఓడరేవునకు గోడవలె నిలిచినది. దానిని హోప్ ఐలాండ్ అందురు. దానికి ఉత్తరమున ఉప్పాడ తీరము ఏటేట కోతకు గురియగుచున్నది. ఒకే డెల్టా ఒక చేత పెట్టుచు ఒక చేత తీయుచున్నది. అందుచేతనే ఒక ఊరి ఫోటో చూచి డెల్టా కథ చెప్పరాదు.

తీరపు లెక్కలో మఱి రెండు చిక్కులు గలవు. మొదటిది ఆటుపోట్లు. పల్లపు తీరమున పోటునాటి గీతకును ఆటునాటి గీతకును నడుమ అనేక మీటర్ల దూరముండును. పోటున తీసిన క్రొత్త చిత్రమును ఆటున తీసిన పాత చిత్రముతో పోల్చినచో, కోత లేనిచోట కోత కనబడును. కావున ఒకే ఋతువున, ఒకేవిధమైన ఆటుపోట్లలో తీసినవానినే పోల్చవలయును. రెండవది పటములను ఒకదానిపై నొకటి సరిగా కూర్చుట. ఒక గడి ప్రక్కకు జరిగినచో ముప్పది మీటర్ల తీరము లేనిపోని నష్టముగా తేలును. కదలని గుఱుతులను, అనగా రోడ్లకూడలి, వంతెన, లాకులవంటివానిని రెండు చిత్రములలోను పట్టుకొని కూర్చెదరు. మన పాత సర్వేవారు పొలిమేర రాళ్లను పట్టుకొని కొలిచినట్లే ఇదియు.

తీరమును విడిచి లోపలికి వచ్చినచో కొల్లేరు. ఇది కృష్ణా గోదావరి డెల్టాల నడుమ పల్లములో నిలిచిన మంచినీటి సరస్సు. బుడమేరు, తమ్మిలేరు దానిలో కలియును. ఉప్పుటేరు దానినుండి సముద్రమునకు పోవును. ఇదే ఆచార్యులును వారి సహచరులును మన ఐ.ఆర్.ఎస్. ఉపగ్రహము 2001లో తీసిన చిత్రములను పరిశీలించి 2004లో ప్రకటించిన దానిప్రకారము, 245 చదరపు కిలోమీటర్ల సరస్సులో నూటికి 42 పాళ్లు చేపల చెఱువులే, మఱి 8.5 పాళ్లు సేద్యము. మిగిలినది కలుపుతో క్రమ్ముకొన్నది. సరస్సు అభయారణ్యముగా 1999లో ప్రకటింపబడియున్నది; 2002లో రాంసారు జాబితాకు ఎక్కినది. పటమునందు సరస్సు, నేలపై చెఱువులు! 2006లో సర్వోన్నత న్యాయస్థానపు కట్టడి ననుసరించి గట్లను త్రెంచిరి. ఆ తరువాతి చిత్రములలో నీరు విశాలమైనట్లును, కొన్నేండ్లకు గట్లు మఱల వెలసినట్లును కనబడినది. గట్టు కట్టినవారందఱు దుర్మార్గులని మా యభిప్రాయము కాదు. వరికన్న చేప ఎక్కువ గిట్టుబాటైన చోట రైతు చేపవంకకే పోవును. కాని వరద నిలువవలసిన పల్లమును గట్లతో నింపినప్పుడు, వరద ప్రక్క ఊళ్లలో నిలుచును. ఎవరి గట్టు ఎవరి యింటిలోనికి నీరు పంపినదో ఉపగ్రహము గుఱుతు పెట్టుకొనును.

భూమిపై నున్నదానిని భూఆచ్ఛాదనమనియు, దానిని మనుష్యులు వాడుకొను తీరును భూవినియోగమనియు వేఱుగా పిలువవలయును. ఉపగ్రహము మొదటిదానినే చూడగలదు. నీరుండుట ఆచ్ఛాదనము, అది త్రాగునీటి చెఱువా, రొయ్యల చెఱువా, ఉప్పుమడియా యనునది వినియోగము. రొయ్యల చెఱువులు వరుసలుగా, దీర్ఘచతురస్రములుగా, ఒక కాలువకు అతుకుకొనియుండునని చూచి ఊహింపవచ్చును గాని, చివరకు నేలపైకి పోయి అడుగవలసినదే. నెల్లూరు తీరమున పెన్న డెల్టాలో 1990ల నుండి ఇట్టి చెఱువులు విస్తరించినవి. ఆ ప్రదేశపు పాత చిత్రమును క్రొత్త చిత్రమును ప్రక్కప్రక్కన పెట్టి మా విద్యార్థులకు చూపగా, మొదట ప్రశ్న వేసిన విద్యార్థియే, "సార్, ఇక్కడ మన కుందూనీళ్లు చేరునా?" అని అడిగినాడు. చేరును నాయనా, సోమశిలవద్ద ఆగి, మిగిలినవి చేరును, మట్టి మాత్రము చాలవఱకు సోమశిలలోనే దిగిపోవును.

ఇట్లు చెప్పినంతమాత్రమున ఎగువవారు నీరు వాడుకొనరాదని మేము వాదించుచున్నామని ఎవరును తలపవలదు. మన సీమ కఱవుల చరిత్ర తెలిసినవారెవరును అట్లు వాదింపరు. నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతములలో కర్నూలు కడప కాలువ క్రిందను, శ్రీశైలమునుండి వెలుగోడు మీదుగా పోవు తెలుగుగంగ క్రిందను జొన్నచేలు, పత్తిచేలు వరిమళ్లుగా మాఱుటయు ఉపగ్రహ చిత్రములలో స్పష్టముగా కనబడును. మాఘమాసపు పాత చిత్రములలో నల్లమల పాదమున ఎండిన నేలగా నుండిన గడులు క్రొత్తవానిలో ఎఱ్ఱబడినవి. ఆ యెఱుపు మన యన్నము. వర్తకులు నంద్యాల సోనాయని అమ్ము బియ్యపు వంగడము బాపట్లలో పుట్టినదేయని ఎందఱికి తెలియును? బాపట్ల కృష్ణా డెల్టా అంచుననున్న పట్టణము. డెల్టా మనకు విత్తనము నిచ్చినది. మనము డెల్టా నీటిలో భాగము తీసికొంటిమి. పేచీలు మొదలైనప్పుడు ఇరుప్రక్కలవారును ఒకరి మాట నొకరు నమ్మరు. ఎన్ని ఎకరములు తడిసినవో, ఎన్ని ఎండినవో ఉభయులును ఒప్పుకొనదగిన లెక్క యుండుట మాత్రము మంచిది. వెనుకటి అడంగలులో వ్రాసినదానికన్న చిత్రమునందలి గడి తక్కువ మొగమాటము గలది.

ఈ చిత్రములను చూచుటకు గొప్ప ధనము వలయునని భయపడనక్కఱలేదు. లాండ్‌శాట్ చిత్రములు 2008 నుండి ఎల్లరకు ఉచితము. సెంటినెల్ చిత్రములును ఉచితమే. మన దేశపువారు 2009లో భువన్ అను పేరుతో భారతదేశపు చిత్రములను అందఱికి తెఱచిరి. మా పాఠశాలలోని ఒక్క కంప్యూటరుపైననే ఈ పనియంతయు జరిగినది. కరెంటు పోయినప్పుడు గడులను గళ్లకాగితముపై వ్రాసికొని చేతితో లెక్కించితిమి. ఆ పద్ధతిలోనే విద్యార్థులు ఎక్కువ నేర్చుకొనిరనియు చెప్పవలయును.

తొమ్మిదవ తరగతివారు ఇప్పుడు వెలుగోడు జలాశయమును పట్టుకొనిరి. వానకాలము ముగిసిన వెంటనే తీసిన చిత్రములో నీటిగడులెన్ని, వేసవిలో తీసిన దానిలో ఎన్ని అని ఇద్దఱిద్దఱు చొప్పున వేర్వేఱుగా లెక్కించుచున్నారు. రెండు జట్ల లెక్కలు ఇంకను కలియలేదు. తగవంతయు గట్టువెంబడి గడులను గూర్చియే. జలాశయపు గట్టువఱకు పోయి సరిచూచుకొని వచ్చిన పిమ్మట, ఏ జట్టు లెక్క నిలిచినదో వచ్చు సంవత్సరపు సంచికలో ప్రకటింతుము.